పాత చేతుల కుర్చీకి, కాళ్ల పీటకు ఇంట్లోనే కొత్త మెత్త వేసుకోవడం ఎలా?

నల్లగొండలో మా ఇంటి వరండాలో నలభై ఏళ్లుగా ఉన్న టేకు చేతుల కుర్చీకి, దాని జత కాళ్ల పీటకు రెండుసార్లు పైన రెక్సిన్ మార్పించాం. రెండుసార్లూ మూడేళ్లు తిరగకముందే కూర్చునే చోట గుంత పడింది, అందులో కూర్చున్న పెద్దవాళ్లు లేవాలంటే బరువంతా చేతుల మీద మోపి లేవవలసి వచ్చింది. మూడోసారి బయట ఇవ్వకుండా నేనే విప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. పైన రెక్సిన్ రెండుసార్లు మారినా అడుగున నవారు మాత్రం మొదటినాటిదే ఉంది. రెండు పట్టీలు తెగి వేలాడుతున్నాయి, మిగిలినవి ఊయలలా సాగిపోయాయి. అందుకే ఈ పని మొదలుపెట్టేవారికి ముందుగా చెప్పేది ఒక్కటే: కుర్చీ సుఖమంతా అడుగు నవారు బిగువులో, దాని మీద పేర్చే పొరల్లో ఉంటుంది, పైగుడ్డ అన్నిటికన్నా చివరి పని, అన్నిటికన్నా సులువైన పని.

రోజుకు రెండు మూడు గంటలు పెట్టగలిగితే కాళ్ల పీటకు రెండు రోజులు, కుర్చీకి వారం పది రోజులు పడుతుంది. రెండూ ఉన్నవారు తప్పకుండా పీటతోనే మొదలుపెట్టాలి. నవారు బిగించడం, పీచు పరవడం, మూల మడవడం అన్నీ అందులో చిన్న కొలతలో ఉంటాయి కాబట్టి చేయి అక్కడ కుదురుకుంటే కుర్చీ దగ్గర తడబాటు ఉండదు.

కట్టె పరీక్ష

మెత్త సంగతి తర్వాత. ముందు కట్టె నిలుస్తుందో లేదో చూడాలి. కుర్చీని దుప్పటి మీద బోర్లించి, నాలుగు కాళ్లనూ, చేతులనూ, వీపు పట్టెలనూ సుత్తి పిడితో తట్టుకుంటూ రావాలి. గట్టి టేకు ఖణేల్‌మని పలుకుతుంది. చెదలు తిన్న చోట డొల్ల శబ్దం వస్తుంది. సన్నని రంధ్రాల కింద పిండిలాంటి పొడి రాలి ఉంటే అది పుచ్చు పురుగు పని. అటువంటి చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. పావు అంగుళం మించి దిగకపోతే పెయింట్ దుకాణాల్లో దొరికే చెదల మందును రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించి రెండు రోజులు ఆరనిస్తే సరిపోతుంది, అంతకన్నా లోతుగా దిగితే ఆ పట్టెను వడ్ల ఆయనతో మార్పించుకున్నాకే ముందుకు వెళ్లాలి. నవారు బిగించినప్పుడు ఒక్కో పట్టె మీద పడే లాగుడు చాలా ఎక్కువ, పుచ్చిన కట్టె దాన్ని ఆపలేదు.

కావలసిన సామాను

సామాను చాలావరకు మన దగ్గరి బజార్లలోనే దొరుకుతుంది. సుత్తి, పట్టుకారు, పాత స్క్రూడ్రైవర్, కత్తెర, టేపు, సుద్ద ముక్క, గోనె సంచులు కుట్టే దబ్బనం చేతిలో ఉండాలి. తల వెడల్పుగా ఉండే అర అంగుళం, ముప్పావు అంగుళం చిన్న మేకులు చెరో పావు కిలో తీసుకోవాలి. స్టేప్లర్ గన్ ఉంటే పైగుడ్డ పని త్వరగా సాగుతుంది, అయితే నవారుకు మాత్రం మేకులే వాడాలి. గన్ పిన్నులు కొన్నాళ్లకు నవారు పోగులను కోసుకుంటూ ఊడి వస్తాయి.

నవారు విషయంలో రాజీ పడవద్దు. మంచాల నవారు అమ్మే దుకాణంలో రెండు అంగుళాల వెడల్పున్న నూలు నవారు అడగాలి. ప్లాస్టిక్ నవారు మెరుపుగా, చౌకగా ఉంటుంది గానీ మన ఎండలకు సాగుతుంది, మేకు కొట్టిన చోట చీలుతుంది. 18 అంగుళాలకు 14 అంగుళాల పీట, కూర్చునే చోటు 22 అంగుళాల చదరం ఉన్న కుర్చీ, దాని వీపు, ఈ మూడింటికీ కలిపి నా లెక్కలో దాదాపు 19 మీటర్లు పట్టింది. 20 మీటర్లు తెచ్చుకుంటే నిశ్చింతగా ఉంటుంది. చిల్లులు లేని గోనె సంచులు నాలుగు, గట్టి సుతిలి తాడు ఒక ఉండ, పరుపులు కుట్టేవారి దగ్గర విడి కొబ్బరి పీచు నాలుగు కిలోలు, ఏకిన దూది రెండు కిలోలు, తెల్లబరచని కోరా గుడ్డ నాలుగు మీటర్లు కావాలి. పత్తి పండే జిల్లాల్లో ఉన్నాం కాబట్టి మంచి దూదికి వెతుకులాట అక్కర లేదు, అయితే అప్పటికప్పుడు ఏకించినది తీసుకోవాలి. మూటలో అణిగి ఉన్న పాత దూది పరిస్తే ఉండలు కడుతుంది. బూరుగు దూది దిండ్లకు బాగుంటుంది గానీ ఆసనానికి పనికిరాదు, జారి పక్కలకు పోతుంది.

పీచు, దూది వద్దు, ఫోం వేసుకుంటామనే వారు ఆసనానికి 40 డెన్సిటీ, వీపుకు 32 డెన్సిటీ తీసుకోవాలి. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోం ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అందువల్ల మోసపోకుండా చూసుకునే దారి కూడా తూకమే. 22 అంగుళాల చదరంలో 4 అంగుళాల మందం ఉన్న ముక్క 40 డెన్సిటీది అయితే సుమారు 1270 గ్రాములు, 32 డెన్సిటీది అయితే సుమారు 1015 గ్రాములు తూగాలి. నేను మొదట పీటకు వేసిన ఫోం 40 అని చెప్పి అమ్మినదే, ఎనిమిది నెలల్లో అప్పచ్చిలా అణిగిపోయింది. తూకం వేసి చూడాలని అప్పటికి నాకు తెలియదు.

పైగుడ్డ ఎంపిక

మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో రెక్సిన్ కుర్చీ వీపుకు అంటుకుంటుంది, చెమట ఆరదు. పైగా వేడికి రెక్సిన్‌లోని మెత్తదనం పోయి పొర బిరుసెక్కుతుంది, మడతల దగ్గర పగిలి పెచ్చులు లేస్తుంది. గాలి ఆడే మందమైన నూలు గుడ్డ మన వాతావరణానికి తగినదని నా గట్టి అభిప్రాయం. అటువంటి గుడ్డ కోసం దూరం పోనక్కర లేదు. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెంలో నేసే నూలు చిటికి దుప్పట్లు, గజాల గుడ్డలు ఈ పనికి చక్కగా నప్పుతాయి. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్ కుటుంబానికి చెందిన నేతే ఇది. నేయకముందే నూలును కట్టుకట్టి రంగులద్దడం వల్ల రంగు గుడ్డకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, రాపిడికి పై రంగు పోయి తెల్లబడటం ఉండదు. పుట్టపాక తేలియా రుమాలు గుడ్డను మాత్రం కుర్చీకి వాడవద్దని కోరుతాను. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి చేసే ఆ నేత ఒంటి మీద వేసుకోవడానికే గానీ, రోజూ రాపిడి పడే చోటుకు తగినది కాదు. గద్వాల చీరల గుడ్డ కూడా ఇంతే, చాలా పలచన.

గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అవతలి వేళ్లు స్పష్టంగా కనిపిస్తే ఆ గుడ్డ పలచన అని అర్థం. 45 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ అయితే కుర్చీకి, పీటకు కలిపి మూడున్నర మీటర్లలోపే సరిపోతుంది, అయితే పువ్వు మధ్యకు రావాలంటే కొంత వృథా అవుతుంది కాబట్టి నాలుగు మీటర్లు తీసుకోవాలి. 90కి 108 అంగుళాల డబుల్ దుప్పటి ఒకటి తీసుకున్నా రెండింటికీ వచ్చి ఇంకా మిగులుతుంది. ఏది తెచ్చినా కత్తిరించడానికి ముందే గుప్పెడు రాళ్ల ఉప్పు వేసిన చల్లని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. చేనేత నూలు గుడ్డ మొదటి తడికి కచ్చితంగా కుంచించుకుంటుంది. ఆ కుంచింపు కుర్చీ మీద జరిగితే మూలల్లో కుట్లు చిరుగుతాయి.

విప్పడం

ఆరుబయట, ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని విప్పాలి. దశాబ్దాల దుమ్ము, కుళ్లిన పీచు, ఎలుకలు లాగిన చెత్త అన్నీ ఒక్కసారిగా రాలుతాయి. తుప్పు మేకులు గుచ్చుకునే పని కాబట్టి ధనుర్వాతం సూది వేయించుకుని చాలాకాలమై ఉంటే ముందే వేయించుకోవడం మంచిది.

వేసిన క్రమానికి తిరగబడిన క్రమంలో విప్పాలి: అడుగు నల్లగుడ్డ, వెనుక గుడ్డ, చేతులు, వీపు, చివరకు ఆసనం. స్క్రూడ్రైవర్ మొనను మేకు తల కింద పెట్టి, కట్టె పోగు సాగే దిక్కులోనే సుత్తితో కొట్టి లేపాలి, అడ్డంగా కొడితే పట్టె అంచు పెచ్చుగా లేచిపోతుంది. తీసిన గుడ్డ ముక్కలను చింపవద్దు, పారేయవద్దు. ప్రతి ముక్క మీద సుద్దతో అది ఎక్కడిదో, ఏ వైపు పైకి ఉండాలో రాసి పెట్టుకుంటే కొత్త గుడ్డకు అవే అచ్చులు అవుతాయి. ఒక్కో పొర తీసేముందు సెల్‌ఫోన్‌తో ఫొటో కూడా తీసుకోండి. మూల ఎటు నుంచి ఎటు మడిచారో పది రోజుల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మా కుర్చీ వెనుక పట్టె లోపలి వైపు, రెక్సిన్ కింద, పెన్సిల్‌తో రాసిన మూడు అంకెలు బయటపడ్డాయి: 22, 22, 7. మొదటి రెండూ ఆసనం కొలతలని వెంటనే తెలిసింది. ఏడు ఏమిటా అని కాసేపు ఆలోచించి, నవారు మేకుల పాత గుర్తులు లెక్కపెడితే ఒక్కో వైపు సరిగ్గా ఏడు పట్టీల గుర్తులు ఉన్నాయి. ఆ కుర్చీని మొదట కట్టిన చేతి మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

కీళ్లు, పాలిష్

అన్నీ తీశాక కట్టె చట్రాన్ని రెండు చేతులా పట్టి ఊపి చూడాలి. కిర్రుమంటే కీలు వదులైందని అర్థం. పాత కుర్చీల్లో సరేసు అనే జిగురు వాడేవారు, అది ఎండిపోయి గాజుపెంకులా రాలుతుంది. కీలును మెల్లగా ఊడదీసి, వేడినీళ్లలో ముంచిన గుడ్డతో సరేసును మెత్తబరచి గీకివేసి, ఆరాక ఫెవికాల్ పూసి కూర్చాలి. బిగింపు పరికరాలు లేకపోయినా పర్వాలేదు: చట్రం చుట్టూ తాడు రెండు వరుసలు చుట్టి, మధ్యలో ఒక కర్ర దూర్చి మెలితిప్పి, కర్రను కాలికి కట్టేస్తే అంతే గట్టిగా పడుతుంది. ఒక రోజంతా కదపకూడదు. పాత మేకుల రంధ్రాలను రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్దతో పూడ్చాలి, లేకపోతే కొత్త మేకు పట్టు చిక్కదు. పైకి కనిపించే కట్టెకు సాండ్ పేపర్, పాలిష్ ఇప్పుడే పూర్తి చేయాలి; గుడ్డ వేశాక చేస్తే చుక్కలు పడతాయి.

కాళ్ల పీట

పీటకు స్ప్రింగులు ఉండవు కాబట్టి నవారును చట్రం పైభాగాన కొట్టాలి. పట్టీ కొనను ఒక అంగుళం మడిచి, మడతతో సహా పట్టె మీద పెట్టి, అయిదు ముప్పావు అంగుళం మేకులను ఎగుడు దిగుడుగా, అంటే మూడు వెనుక, రెండు ముందు వచ్చేలా కొట్టాలి. అన్నీ ఒకే గీతలో కొడితే కట్టె ఆ గీత వెంట పగులుతుంది. తర్వాత రెండో కొనను ఎదుటి పట్టె మీదికి లాగాలి. ఉత్త చేత్తో లాగితే బిగువు రాదు. అరచేయి వెడల్పున్న చెక్క ముక్కకు పట్టీని ఒక చుట్టు చుట్టి, చెక్క కింది అంచును పట్టె అంచుకు ఆనించి, పైభాగాన్ని కిందికి వంచాలి. బావి గిలక మీద చేద లాగినట్టు పట్టీ తనంతట తానే బిగుస్తుంది. అలా పట్టి ఉంచి మూడు మేకులు కొట్టి, అంగుళం మిగిల్చి కోసి, మిగిలినదాన్ని మీదికి మడిచి మరి రెండు మేకులు వేయాలి. వేలితో కొడితే డప్పు మీద కొట్టినట్టు మోగాలి. మెత్తటి చప్పుడు వస్తే విప్పి మళ్లీ బిగించండి, మొహమాటం వద్దు.

18 అంగుళాల పొడవు వెంట నాలుగు పట్టీలు, అడ్డంగా ఆరు పట్టీలు వస్తాయి. అడ్డం పట్టీలను మేకు కొట్టడానికి ముందే బుట్ట అల్లినట్టు ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా దూర్చాలి. ఈ అల్లికే బరువును అన్ని వైపులకూ పంచుతుంది. పట్టీకి పట్టీకి మధ్య వేలెడు సందు చాలు.

నవారు మీద గోనె గుడ్డను బిగుతుగా పరచి, అంచులు మడిచి చుట్టూ మేకులు కొట్టాలి. దబ్బనంలో సుతిలి ఎక్కించి గోనె మీద పిడికిలి పట్టేంత వదులుగా ఆరేడు పెద్ద కుట్లు వేయాలి. ఈ ఉచ్చుల కింద పీచును దోపితే అది ఎన్నేళ్లయినా పక్కకు జరగదు. పీచును పిడికెడు పిడికెడుగా తీసుకుని, వేళ్లతో చిక్కు విప్పి పొంగించి, ముందు అంచుల వెంట, తర్వాత నడిమిన నింపుతూ పోవాలి. చేత్తో అదిమితే కట్టె తగలకూడదు, ఎక్కడా గడ్డలు తగలకూడదు. దీని మీద మరో గోనె గుడ్డ వేసి, అంచులు చట్రానికి కొట్టి, దబ్బనంతో పైనుంచి కిందికి పొడుస్తూ చుట్టూ అంచు కుట్టు వేస్తే పీచు చెరువు కట్టలా గట్టి గట్టుగా నిలుస్తుంది. ఈ గట్టు లేని మెత్త కొన్ని నెలలకే బోర్లించిన పళ్లెంలా తయారవుతుంది. ఓపిక పరీక్షించే పని ఇదొక్కటే. ఒక సాయంత్రమంతా పట్టినా తొందరపడవద్దు.

ఆ మీద రెండు అంగుళాల మందాన దూది పరచాలి. దూదిని కత్తెరతో కోయకుండా చేత్తో తుంచాలి, కోసిన అంచు పైగుడ్డ మీద గీతలా తేలుతుంది. చివరగా కోరా గుడ్డ. నాలుగు పక్కల నడిమిన ఒక్కో మేకు సగం దిగేలా కొట్టి, అక్కడి నుంచి మూలల వైపు పోతూ, ప్రతిసారీ ఎదురెదురు పక్కలు మార్చుకుంటూ లాగాలి. నేను మొదటిసారి ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుసగా చుట్టూ కొట్టుకుంటూ వచ్చాను. గుడ్డ పోగు వాలిపోయి చారలన్నీ ఏటవాలుగా నిలిచాయి, విప్పడం తప్ప దారి లేకపోయింది.

కుర్చీ ఆసనం

స్ప్రింగులున్న కుర్చీకి నవారును చట్రం కిందివైపు కొట్టాలి, స్ప్రింగు నిలబడేందుకు లోతు కావాలి గనుక. ఒక్కో వైపు ఏడు పట్టీలు. పాత స్ప్రింగులను నేల మీద నిలబెట్టి అరచేత్తో నేరుగా అదమండి: పక్కకు వాలిపోయేది, తిరిగి లేవనిది మార్చాలి, తుప్పు మాత్రమే ఉంటే కిరోసిన్‌తో తుడిచి ఇనుప రంగు వేస్తే చాలు. మూడు వరుసల్లో మూడేసి, మొత్తం తొమ్మిది స్ప్రింగులను పట్టీలు కలిసే చోట్ల నిలబెట్టి, ఒక్కోదాన్నీ నాలుగు చోట్ల దబ్బనంతో నవారుకు కుట్టేయాలి.

ఇప్పుడు తాడు కట్టు. వెనుక పట్టెకు మేకు కొట్టి, సుతిలిని రెండు పేటలు వేసి కట్టి, వెనుక నుంచి ముందుకు ప్రతి స్ప్రింగు పై చుట్టుకు రెండు చోట్ల ముడి వేసుకుంటూ పోవాలి. ముడి జారనిది కావాలి: తాడును కమ్మీకి రెండు చుట్లు వేసి, రెండో చుట్టు కింది నుంచి కొనను తీసి బిగించండి. కడుతున్నంతసేపూ స్ప్రింగును రెండు అంగుళాలు అణచి పట్టుకోవాలి. తర్వాత ఎడమ నుంచి కుడికి, ఆపై రెండు మూలవాటుగా కడితే ఒక్కో స్ప్రింగుకు ఎనిమిది ముడులు పడతాయి. ముందు వరుస కొద్దిగా ముందుకు వంగి, నడిమి స్ప్రింగు మిగతావాటికన్నా వేలెడు ఎత్తుగా ఉండాలి. ప్లాస్టిక్ తాడు ఇక్కడ పనికిరాదు, ముడి నిలవదు.

స్ప్రింగుల మీద గోనె గుడ్డను బిగించి లాగకుండా, ఆనీ ఆననట్టు పరచి కొట్టాలి. బరువును స్ప్రింగులు మోయాలి గానీ గోనె మోయకూడదు, లాగి కొట్టిన గోనె ఏడాదిలో చిరుగుతుంది. గోనెను ప్రతి స్ప్రింగుకూ కుట్టాక, పీచు, గట్టు కుట్టు, దూది, కోరా గుడ్డ అన్నీ పీటకు చేసినట్టే. చేతుల కింది కట్టె దగ్గర మాత్రం గుడ్డకు గాటు పెట్టవలసి వస్తుంది. గుడ్డను మూల మీదికి వెనక్కి మడిచి, కట్టెకు అంగుళం దూరం వరకు నేరుగా కోసి, అక్కడి నుంచి పంగకర్ర ఆకారంలో రెండు చీలికలు పెడితే గుడ్డ కట్టెకు రెండు పక్కలా దిగుతుంది. ముందు కోరా గుడ్డ మీద ఈ గాటు చేసి చూసి, అదే కొలతను పైగుడ్డకు తీసుకోవాలి.

కోరా గుడ్డ వేశాక ఒక వారం ఆగండి. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు అందరూ దాని మీద కూర్చోనివ్వాలి. పల్లం పడిన చోట దూది నింపడానికి, ఎత్తైన చోట తీయడానికి ఇదే సమయం. పీట ఎత్తు కూడా ఇప్పుడే చూసుకోండి. పీట పైభాగం కుర్చీ ఆసనం కన్నా ఒకటి రెండు అంగుళాలు తక్కువగా ఉంటేనే కాళ్లకు తిమ్మిరి పట్టదు.

వీపు, చేతులు, పైగుడ్డ

వీపుకు నవారు మూడు నిలువు, మూడు అడ్డం చాలు, బిగువు కూడా ఆసనమంత అక్కర లేదు. నడుము తగిలే చోట పీచు కొంచెం ఎక్కువ, భుజాల దగ్గర తక్కువ ఉండాలి. చేతులకు అంగుళం మందాన దూది సరిపోతుంది.

పైగుడ్డ కత్తిరింపులో ఆసనానికి 36 అంగుళాల చదరం, లోపలి వీపుకు 36కి 32, వెనుక గుడ్డకు 26కి 24, చేతులకు 18కి 12 చొప్పున రెండు, పీటకు 32కి 28 మా కుర్చీకి పట్టాయి. మీ పాత ముక్కల కొలతకు ఇరువైపులా రెండేసి అంగుళాలు లాగుడు కలిపి తీసుకోండి. చిటికి నేతలో పువ్వు అంచులు సహజంగా కాస్త చెదిరినట్టు ఉంటాయి, రెండు పువ్వులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. కాబట్టి టేపుతో కొలిచి మధ్య పట్టడం కన్నా, గుడ్డను కుర్చీ మీద పరచి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసి, కంటికి నడిమిన నిలిచిన చోట సుద్ద గుర్తు పెట్టడమే సరైన పద్ధతి. ఆసనం మీది పువ్వు, వీపు మీది పువ్వు ఒకే నిట్టనిలువు గీతలో పడాలి.

ముందు ఆసనం, తర్వాత లోపలి వీపు, చేతులు, ఆఖరున వెనుక గుడ్డ. అన్నిటికీ నడిమి నుంచి మూలలకు పోయే పద్ధతే. మూలల్లో గుడ్డను రెండు మడతలుగా చేసి, మడత నోరు కిందికి ఉండేలా దిద్ది అర అంగుళం మేకుతో ఆపాలి. వెనుక గుడ్డ అంచులను లోపలికి మడిచి వంపు సూదితో కనిపించని కుట్టు వేయాలి. వంపు సూది దొరకకపోతే దబ్బనాన్ని ఎర్రగా కాల్చి వంచుకోవచ్చు. మేకులు కనిపించే చోట్ల పాత నారాయణపేట నూలు చీర అంచును సన్నగా కోసి, మడిచి, ఫెవికాల్‌తో అంటిస్తే తలలన్నీ కప్పబడతాయి. మా అమ్మ మెరూన్ అంచు చీర అలాగే మా కుర్చీ వెనుక చేరింది.

అడుగు మూసేముందు వెనుక పట్టె లోపలి వైపు, పాత అంకెల పక్కనే, పట్టీల సంఖ్య, నెల, సంవత్సరం పెన్సిల్‌తో రాశాను. మీరు కూడా రాయండి, మళ్లీ విప్పేవారికి లెక్క దొరుకుతుంది. ఆపై నల్లని పలచని నూలు గుడ్డను అడుగున బిగించి, దుమ్ము రాలకుండా చుట్టూ రెండేసి అంగుళాలకు ఒక మేకు కొట్టాలి. కుర్చీని పడమటి ఎండ నేరుగా పడే కిటికీకి ఎడంగా పెట్టుకోవాలి, నెలకోసారి వెదురు బెత్తంతో మెల్లగా తట్టి దుమ్ము దులపాలి. మిగిలిన గుడ్డ ముక్కలను వేపాకు వేసి మూటగట్టి దాచితే, ముందు అంచు ఎక్కడైనా అరిగినప్పుడు అదే రంగు ముక్క చేతికి అందుతుంది.